కారు నాది, పెట్రోలు ఖర్చు నాది, పన్నూ కడుతున్నాను... ఇక సమాజానికి పోయేదేముంది?

మీరు అడిగింది ఇదీ: "కారు నా డబ్బుతో కొనుక్కున్నాను. పెట్రోలు మీద పన్ను, రోడ్డు పన్ను, బీమా అన్నీ కడుతున్నాను. ట్రాఫిక్‌లో ఇరుక్కుని నష్టపోయేదీ నేనే. మరి కార్ల వల్ల సమాజం మీద భారం పడుతోందని ఎందుకంటారు? రోడ్లు వెడల్పు చేస్తే సరిపోదా?"

రవాణా ప్రణాళిక నా వృత్తి. రోడ్ల గురించి ఎక్కడ సమావేశం జరిగినా ఎవరో ఒకరు లేచి ఇదే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కారు కొన్నవాళ్లను దోషుల్లా నిలబెట్టడం నాకు ఇష్టం ఉండదు. బస్సు వేళకు రానిచోట, నడవడానికి ఫుట్‌పాత్ లేనిచోట, పిల్లల్ని బడికి, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన మనిషి కారు కొనుక్కోవడంలో తప్పేముంది? కానీ ఒక్కొక్కరి విషయంలో సబబైన ఆ నిర్ణయం లక్షల మంది తీసుకున్నాక లెక్క మారిపోతుంది. ఆ మారిన లెక్కే మీ ప్రశ్నకు జవాబు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

డబ్బు సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు సమయం చూద్దాం. రోడ్డు మీద బళ్లు పెరిగేకొద్దీ ప్రయాణం ఎంత నెమ్మదిస్తుందో అంచనా వేయడానికి మా వృత్తిలో ఒక పాత సూత్రం ఉంది. అమెరికా బ్యూరో ఆఫ్ పబ్లిక్ రోడ్స్ 1964లో ఇచ్చింది. ఇప్పటికీ చాలాచోట్ల వాడతారు. అందులో కీలకం ఏమిటంటే, బళ్లు రెట్టింపైతే ఆలస్యం రెట్టింపుతో ఆగదు. రోడ్డు సామర్థ్యంతో పోలిస్తే ఎన్ని బళ్లున్నాయన్న నిష్పత్తికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే పదహారు రెట్లవుతుంది.

ఖాళీగా ఉంటే 20 నిమిషాల్లో వెళ్లే దారి ఒకటి తీసుకుని ఆ సూత్రంతో లెక్క కట్టి చూడండి. రోడ్డు సగం నిండినప్పుడు బయల్దేరితే మీకు అదనంగా పట్టేది పది పదకొండు సెకన్లు. మీరు ఆ రోడ్డెక్కడం వల్ల మిగతా అందరికీ కలిపి జరిగే ఆలస్యం ముప్పావు నిమిషం. పట్టించుకోనక్కర్లేదు. రోడ్డు పూర్తి సామర్థ్యానికి చేరినప్పుడు మీకు 23 నిమిషాలు పడుతుంది, మీ వల్ల ఇతరులకు 12 నిమిషాలు పోతాయి. ఇక పొద్దున్న ఆఫీసుల వేళ, సామర్థ్యానికి ఒకటిన్నర రెట్ల బళ్లు ఎగబడినప్పుడు మీకు 35 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో మీ ఒక్క కారు చేరడం వల్ల వెనకున్న వాళ్లందరికీ కలిపి పోయేది 61 నిమిషాలు.

ఆ 61 నిమిషాలూ వందల మందికి పంచితే తలా కొన్ని సెకన్లు, ఒక్కోసారి సెకనులో కొంత భాగం. ఎవరికీ తెలియదు, మీకు అసలే తెలియదు. బయల్దేరే ముందు మీరు లెక్క వేసుకునేది మీ 35 నిమిషాలు, మీ పెట్రోలు. ఇతరుల గంట ఎవరి లెక్కలోకీ రాదు. రోడ్డు మీదున్న ప్రతివాళ్లూ అలాగే లెక్క వేసుకుని వస్తారు కాబట్టే అందరికీ నష్టమైనంత మంది రోడ్డెక్కుతారు. ఆర్థర్ పిగూ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1920లోనే రెండు రోడ్ల ఉదాహరణతో ఈ సంగతి చూపించాడు. "నష్టపోయేది నేనే" అన్న మీ మాట నిజమే, కానీ అందులో సగమే ఉంది. మీరు నష్టపోతున్నారు, అంతకంటే ఎక్కువ నష్టం కలగజేస్తున్నారు. మీ ముందున్న కారాయన మీకు చేస్తున్నదీ అదే.

పన్ను కడుతున్నాం కదా అన్నారు. పెట్రోలు పన్ను తెల్లవారుజామున మూడింటికి ఖాళీ రోడ్డు మీద తిరిగినా, పొద్దున్న తొమ్మిదింటికి ఊరి నడిబొడ్డున తిరిగినా కిలోమీటరుకు దాదాపు ఒకటే. జామ్‌లో కాస్త ఎక్కువ తాగుతుంది, అంతే. పైన లెక్కలో ఇతరుల మీద పడే భారం ముప్పావు నిమిషం నుంచి 61 నిమిషాలకు, అంటే ఎనభై రెట్లు పెరిగింది. పన్ను అలా పెరగదు. కాబట్టి పన్ను ఎంత కడుతున్నామన్నది ఒక ప్రశ్న, కట్టే పన్నుకూ చేసే నష్టానికీ పొంతన ఉందా అన్నది ఇంకో ప్రశ్న.

ఇప్పుడు రోడ్ల వెడల్పు సంగతి. ఇక్కడ మా వృత్తికి అరవై ఏళ్ల అనుభవం ఉంది, ఫలితాలు ఒకే దిక్కు చూపిస్తున్నాయి. అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లో చెప్పింది ఇదీ: పట్టణాల్లో రద్దీ వేళ ఉండే ట్రాఫిక్, వేసిన రోడ్డు సామర్థ్యం దాకా పెరుగుతూ పోతుంది. అదనపు బళ్లు ఎక్కడి నుంచో ఊడిపడవు. రద్దీకి భయపడి పొద్దున్నే ఆరింటికి బయల్దేరేవాళ్లు మళ్లీ ఎనిమిదిన్నరకు మారతారు. చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు ఈ దారికి వస్తారు. బస్సెక్కేవాళ్లలో కొందరు కారు తీస్తారు. మరో రెండు మూడేళ్లకు ఊరికి దూరంగా కొత్త కాలనీలు లేస్తాయి, అక్కడి నుంచి రోజూ రావడానికి ఈ రోడ్డే ఆధారం. దీన్ని ప్రేరిత ట్రాఫిక్ అంటాం. అమెరికా నగరాల మీద గైల్స్ డ్యూరాంటన్, మాథ్యూ టర్నర్ 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం పట్టణ ప్రాంతాల్లో హైవే లేన్ల పొడవు ఎంత శాతం పెరిగితే, వాటి మీద బళ్లు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరిగింది. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేను 2008 నాటికి వెడల్పు చేశారు. కొన్నిచోట్ల పక్క రోడ్లతో కలిపి 26 లేన్లు. ఖర్చు 280 కోట్ల డాలర్ల దాకా అయింది. కొన్నేళ్లకే అక్కడ రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్లీ పెరగడం మొదలైంది.

అసలు రోడ్లే వేయొద్దని నేను అనను. దారే లేని చోట రోడ్డు వేస్తే జీవితాలు మారతాయి. వెడల్పైన రోడ్డు మీద ఎక్కువ మంది తిరిగితే ఆ ప్రయాణాలకూ విలువ ఉంటుంది. నేను ఒప్పుకోనిది ఒక్కటే: రద్దీ తగ్గుతుందని చెప్పి నడి ఊళ్లో రోడ్డు వెడల్పు చేయడం. ఆ మాట నిలబడదు.

మీ ప్రశ్నలో కనిపించనివాళ్లు కొందరున్నారు. అసలు కారు లేనివాళ్లు. నాకు ఈ విషయంలో ఎక్కువ బాధ కలిగేది వాళ్ల గురించే.

బస్సు తీసుకోండి. ఒక రూట్లో వెళ్లి రావడానికి గంట పడుతుంది, ఆరు బస్సులున్నాయి. పది నిమిషాలకొకటి వస్తుంది. కార్లు పెరిగి అదే రూటుకు గంటన్నర పట్టడం మొదలైందనుకోండి. అవే ఆరు బస్సులు, అదే సిబ్బంది, కానీ ఇప్పుడు పావుగంటకొక బస్సు. పాత పది నిమిషాలు నిలబెట్టాలంటే తొమ్మిది బస్సులు కావాలి, ముగ్గురు డ్రైవర్ల జీతం అదనంగా ఇవ్వాలి, ఒక్క ప్రయాణికుడు కూడా పెరగకుండానే. ఆ డబ్బు లేని సంస్థ ఏం చేస్తుంది? ఉన్న బస్సులే నడుపుతుంది. స్టాపులో ఎదురుచూపు పెరుగుతుంది, బస్సులో కూర్చునే సమయం పెరుగుతుంది, వచ్చిన బస్సు కిటకిటలాడుతుంది. కొనగలిగిన వాళ్లు బండో కారో కొనుక్కుని వెళ్లిపోతారు. టికెట్ల ఆదాయం పడిపోతుంది, ట్రిప్పులు ఇంకా తగ్గిస్తారు. చివరికి ఆ స్టాపులో మిగిలేది వేరే దారి లేనివాళ్లు. యాభై మంది ఉన్న బస్సు, ఒక్కొక్కరున్న కార్ల వెనక నిలబడి ఉంటుంది. ఆ యాభై మందీ రద్దీకి కారణం కాదు, కానీ రద్దీ ఖరీదు కడుతున్నది వాళ్లే.

రోడ్డు దాటడం గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే అది కూడా చెబుతాను. సిగ్నల్ దగ్గర నడిచేవాళ్లకు ఎంత సమయం ఇవ్వాలో లెక్క కట్టేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనుకోవడం చాలా దేశాల్లో పాత అలవాటు. ఇంగ్లండ్‌లో 65 ఏళ్లు దాటినవాళ్ల నడకను కొలిచి 2012లో ప్రచురించిన అధ్యయనంలో మగవాళ్ల సగటు వేగం 0.9 మీటర్లు, ఆడవాళ్లది 0.8 మీటర్లు అని తేలింది. ఆ వయసు వాళ్లలో అత్యధికులు సెకనుకు 1.2 మీటర్లు అందుకోలేకపోయారు. ఇప్పుడు 12 మీటర్ల రోడ్డును 21 మీటర్లు చేశామనుకోండి. లెక్క ప్రకారం ఇచ్చే సమయం 10 సెకన్ల నుంచి పదిహేడున్నర సెకన్లకు పెరుగుతుంది. 0.8 మీటర్ల వేగంతో నడిచే పెద్దావిడకు నిజంగా కావలసింది 26 సెకన్లు. పచ్చ దీపం ఆరిపోయేసరికి ఆవిడ ఇంకా ఏడు మీటర్ల దూరంలో, కదలడానికి సిద్ధంగా ఉన్న బళ్ల ముందు ఉంటుంది. వెడల్పు కాకముందు నాలుగు మీటర్లే మిగిలేది. ఇలా రెండుసార్లు జరిగాక ఆవిడ రోడ్డు దాటడం మానేస్తుంది. అవతల వైపున్న కొట్టు, గుడి, స్నేహితురాలి ఇల్లు ఆవిడ జీవితంలోంచి తప్పుకుంటాయి. ప్రమాదాల జాబితాలో ఆవిడ పేరు ఉండదు. అక్కడ ప్రమాదాలు తగ్గాయని నివేదిక కూడా రావచ్చు, దాటేవాళ్లే లేరు కాబట్టి.

ఇరుగుపొరుగు సంబంధాల మీద పడే దెబ్బను కొలిచిన మనిషి డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే పట్టణ రూపకల్పన నిపుణుడు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనే ఉన్న మూడు వీధులు ఎంచుకున్నాడు. ఇళ్లు, మనుషులు దాదాపు ఒకేలాంటివాళ్లు, తేడా ట్రాఫిక్‌లోనే. ఒకదానిలో రోజుకు 2,000 బళ్లు, ఇంకోదానిలో 8,000, మూడోదానిలో 16,000 తిరిగేవి. తక్కువ ట్రాఫిక్ ఉన్న వీధిలో ఒక్కొక్కరికి ఆ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురికి పైగా పరిచయస్తులు ఉన్నారు. ఎక్కువ ట్రాఫిక్ వీధిలో స్నేహితులు సగటున ఒకరి కంటే తక్కువ, పరిచయస్తులు ముగ్గురు. మీ ఇల్లు ఎక్కడి దాకా అని అడిగి గీత గీయమంటే, తక్కువ ట్రాఫిక్ వీధివాళ్లు వీధంతా కలుపుకుని గీశారు. మూడో వీధివాళ్లు తమ భవనంతో, కొందరైతే తమ గదులతో ఆపేశారు. వాళ్లలో చాలామంది వీధి వైపు గదులు వదిలేసి వెనక వైపు బతికేవాళ్లు. చిన్న అధ్యయనమే, కానీ తర్వాత వేరే నగరాల్లో చేసిన పరిశీలనల్లోనూ ఇదే ధోరణి కనిపించింది. వీధుల్ని మనుషులకు తిరిగి ఇవ్వాలని జీవితమంతా పనిచేసిన యాపిల్‌యార్డ్, 1982లో ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు గుద్ది చనిపోయాడు.

ఈ నష్టానికి ఏ బడ్జెట్లోనూ పద్దు ఉండదు. పిల్లలు వీధిలో ఆడుకోకపోతే వాళ్లను వెంటబెట్టుకుని ఎక్కడికో తీసుకెళ్లే పని తల్లిదండ్రుల మీద పడుతుంది, అది కూడా తరచూ కార్లోనే. బడి దగ్గర కార్లు పెరిగాయని భయపడి ఇంకో తల్లి తన పిల్లవాణ్ని నడిపించడం మానేసి కారు తీస్తుంది. ఆ భయంలో న్యాయం ఉంది, ఆ కారు వల్ల మిగిలిన పిల్లలకు ప్రమాదం పెరగడమూ నిజమే.

ప్రాణాల లెక్క ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదికలో ఉంది. రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 11 లక్షల 90 వేల మంది చనిపోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల మధ్య వాళ్ల మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. చనిపోయేవాళ్లలో సగానికి పైగా కారు బయట ఉన్నవాళ్లు: నడిచేవాళ్లు, సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు. 1971లో ఒక్క నెదర్లాండ్స్‌లోనే మూడు వేల మందికి పైగా చనిపోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు వీధుల్లోకి వచ్చి "పిల్లల హత్యలు ఆపండి" అని ఉద్యమం చేశారు. ఇవాళ ఆ దేశం సైకిళ్లకు పేరుపొందిందంటే ఆ వెనక ఈ దుఃఖం ఉంది. అక్కడివాళ్లు పుట్టుకతో సైకిల్ మనుషులన్న మాట నేను నమ్మను. ఆ ఊళ్లు కూడా అప్పట్లో కార్ల కోసం ఇళ్లు, వీధులు కూల్చుకుంటున్నవే.

పొగ, శబ్దం గురించి మీకు తెలిసే ఉంటుంది కాబట్టి ఒక్క ఉదాహరణ ఇస్తాను. అమెరికాలోని న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో టోల్ గేట్ల దగ్గర బళ్లు ఆగి డబ్బు కట్టే పద్ధతి పోయి, ఆగకుండా వెళ్లే ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చింది. క్యూలు తగ్గాయి. జానెట్ కరీ, రీడ్ వాకర్ ఆ గేట్లకు రెండు కిలోమీటర్ల లోపు ఉండే తల్లుల కాన్పుల వివరాలు పరిశీలించి 2011లో ప్రచురించారు. నెలలు నిండకుండా పుట్టే పిల్లలు, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు సుమారు పది శాతం మేర తగ్గారు. ఆ తల్లులు ఏమీ చేయలేదు. వాళ్ల ఇంటి పక్కన బళ్లు ఆగి పొగ వదలడం తగ్గింది, అంతే.

కరెంటు కార్లు వస్తే ఇవన్నీ పోతాయని కొందరంటారు. గొట్టం పొగ పోతుంది, అది చిన్న విషయం కాదు, నేను స్వాగతిస్తాను. టైర్లు, బ్రేకులు అరిగి లేచే దుమ్ములో టైర్లది మిగులుతుంది. పైన చెప్పిన 61 నిమిషాలు అలాగే ఉంటాయి. బస్సు అలాగే ఇరుక్కుంటుంది, పెద్దావిడ అలాగే ఇవతలే ఆగిపోతుంది.

మరి చేయాల్సిందేమిటి? ఇతరుల గంట మీ లెక్కలోకి వచ్చేలా చేయడం ఒక పద్ధతి. అంటే రద్దీ వేళ, రద్దీ చోటికి వచ్చే కార్లకు రుసుము. సింగపూర్ 1975లో నడి ఊరికి ఈ పద్ధతి పెట్టింది, 1998లో దాన్ని ఎలక్ట్రానిక్ చేసింది. లండన్ 2003 ఫిబ్రవరిలో రోజుకు 5 పౌండ్లతో మొదలుపెట్టింది. నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్టాక్‌హోమ్. 2006 జనవరి నుంచి జులై చివరి దాకా ప్రయోగంగా పెట్టారు. ముందు జనంలో ఎక్కువమంది వ్యతిరేకించారు. పెట్టగానే హద్దు దాటి నగరం లోపలికీ బయటికీ తిరిగే బళ్లు సుమారు 20 శాతం తగ్గాయి. ప్రయోగం ఆపగానే చాలా వరకు తిరిగొచ్చాయి. సెప్టెంబరులో ఓటింగ్ పెడితే నగరవాసుల్లో ఎక్కువమంది కొనసాగించమన్నారు. 2007 నుంచి శాశ్వతమైంది. పైన చెప్పిన నాలుగో ఘాతం ఇక్కడ మనకు మేలు చేస్తుంది. బళ్లు ఐదో వంతు తగ్గితే, ఆ సూత్రం ప్రకారం ఆలస్యం సగానికి పైగా తగ్గుతుంది. అందరూ కార్లు వదిలేయాల్సిన పని లేదు.

పేదవాళ్ల మీద భారం కదా అని అడుగుతారు. ఆ డబ్బు ఎక్కడికి పోతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. లండన్‌లో మిగులు సొమ్ము రవాణాకే ఖర్చు పెట్టాలని చట్టంలో రాశారు, అందులో పెద్ద భాగం బస్సులకు వెళ్లింది. బస్సు బాగుపడకుండా రుసుము మాత్రమే పెడితే నేను కూడా వ్యతిరేకిస్తాను. అలాగే రుసుము పెట్టి చేతులు దులుపుకున్నా కుదరదు. లండన్‌లో కొన్నేళ్ల తర్వాత రద్దీ మళ్లీ పెరిగింది. అందుకు ఒక కారణం, అప్పట్లో రుసుము నుంచి మినహాయింపు ఉన్న అద్దె కార్లు విపరీతంగా పెరగడం.

రుసుము దాకా వెళ్లలేని ఊళ్లు కూడా బస్సుకు ఒక లేన్ ఇవ్వగలవు. ఒక లేన్లో కార్లే నడిస్తే గంటకు రెండు వేల మంది దాటడమే కష్టం. అదే లేన్ బస్సులకే వదిలితే, బస్సులు తగినన్ని ఉంటే, అంతకు రెండు మూడు రెట్ల మంది వెళ్తారు. రంగు, అడ్డుగోడ, పట్టుదల ఉంటే చాలు, కొత్త భూమి కొనక్కర్లేదు.

మీ ప్రాంతంలో రోడ్డు వెడల్పు ప్రతిపాదన వస్తే ఆ నివేదిక అడిగి తీసుకోండి. గంటకు ఎన్ని బళ్లు పోతాయన్న అంకె మొదటి పేజీలోనే ఉంటుంది. గంటకు ఎంతమంది మనుషులు పోతారో ఉందా అని చూడండి. పదేళ్లలో కొత్తగా చేరే ట్రాఫిక్ లెక్కలో వేశారా, బస్సు ప్రయాణ సమయం ఎంత మారుతుంది, సిగ్నల్ దగ్గర నడకకు సెకనుకు ఎన్ని మీటర్లు తీసుకున్నారు, పిల్లలు బడికి ఎక్కడ దాటుతారు అని అడగండి. ఈ అంకెలు లేకపోతే అభ్యంతరాల గడువు ముగిసేలోపు రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా చెప్పినవి చాలాసార్లు నమోదు కావు.